అరణ్యవాసానికి రెండు స్పీకర్లు

మా బావమరిది జీవితంలో మొట్టమొదటిసారి గుడారంలో నిద్రించబోతున్నాడు. డిసెంబరులో ఒక శనివారం రాత్రి, నలుగురు మిత్రులతో కలిసి, లంబసింగిలో. ఈ మహత్కార్యానికి ఆయన స్వహస్తాలతో తయారుచేసిన సామాన్ల జాబితా పెద్దవాడినన్న గౌరవంతో నాకు పంపాడు కాబట్టి, దానిని శ్రద్ధగా పరిశీలించి అభిప్రాయం చెప్పవలసిన బాధ్యత నా మీద పడింది. జాబితాలో 63 అంశాలున్నాయి. 1వ అంశం బ్లూటూత్ స్పీకరు. 14వ అంశం ఇంకొక బ్లూటూత్ స్పీకరు. దాని పక్కన కుండలీకరణాల్లో 'మొదటిదానికి చార్జింగ్ అయిపోతే' అని వివరణ. టార్చిలైటు ఎన్నో అంశమో కనబడక ఫోన్ చేసి అడిగాను. "ఫోన్లోనే ఉంది కదా బావగారూ" అన్నాడు. అంటే కొండ మీద అర్ధరాత్రి వెలుతురు పోతే ఏదో విధంగా సర్దుకుపోవచ్చు గానీ, పాట ఆగితే మాత్రం ప్రాణానికే ముప్పన్న మాట.

జాబితాలు రాయడం తప్పని నేననను. అడవికి వెళ్లేవాడు ఏం తీసుకెళ్లాలన్న చర్చ మనకు కొత్తదీ కాదు. వాల్మీకి రామాయణం అయోధ్యకాండలో దశరథుడు కొడుకు వెంట సైన్యాన్నీ ధనాన్నీ పంపిస్తానంటే, ఏనుగునే ఇచ్చేసినవాడికి దాన్ని కట్టే మోకు మీద మమకారమెందుకని రాముడు వద్దంటాడు. నారచీరలు తెప్పించమని, 14 ఏళ్లు అడవిలో ఉండబోయే తనకు ఒక ఖనిత్రమూ ఒక పిటకమూ ఇప్పించమని అడుగుతాడు. ఖనిత్రమంటే తవ్వుకోల, పిటకమంటే గంప. 14 ఏళ్లకు తవ్వుకోల, గంప. ఒక్క రాత్రికి 63 వస్తువులు, వాటిలో తవ్వుకోల లేదు, గంప లేదు. 14 అనే అంకె మాత్రం రెండు చోట్లా ఉంది, అక్కడ సంవత్సరాలుగా, ఇక్కడ రెండో స్పీకరుగా.

ఇక గుడారం సంగతి. విసిరితే 2 సెకన్లలో దానంతటదే విచ్చుకునే రకం కొన్నాడు. అంగట్లో అమ్మే కుర్రాడు విసిరి చూపించాడట, నిజంగానే 2 సెకన్లే పట్టిందట. ఈ అద్భుతాన్ని మాకందరికీ ప్రదర్శించాలన్న కోరికతో కిందటి ఆదివారం మా కూకట్‌పల్లి ఫ్లాట్లో, సోఫాకూ టీవీకీ మధ్య ఉన్న జానెడు జాగాలో దాన్ని విసిరాడు. అది విచ్చుకుంది. ఒక పక్క టీవీనీ మరో పక్క పూజగది తలుపునూ ఆక్రమిస్తూ, నడి హాల్లో, రెక్కలు విప్పిన గరుత్మంతుడిలా నిలబడింది. పూజగదిలో మా అత్తగారు విష్ణుసహస్రనామం సగంలో ఉన్నారు. తలుపు బయటికి తెరుచుకునే రకం కావడం వల్ల, ఫలశ్రుతి పూర్తయిన తరువాత కూడా ఆమె భగవంతుడి సన్నిధిలోనే మరో గంటా ముప్పావు గడపవలసి వచ్చింది.

ఎందుకంటే, 2 సెకన్లలో విచ్చుకునే గుడారం ఎంతసేపటిలో ముడుచుకుంటుందన్న విషయాన్ని అమ్మేవాడు చెప్పలేదు, కొనేవాడు అడగలేదు. మా బావమరిది ఒక అంచును పట్టుకుని వంచితే రెండో అంచు లేచి ఫ్యానుకు తగిలింది. నేను రెండో అంచు మీద కూర్చుంటే మొదటి అంచు వెళ్లి ఆయన కళ్లజోడును ఎగరగొట్టింది. ఫోన్లో వీడియో పెట్టుకుని, అందులో నవ్వుతున్న మనిషి చెప్పినట్టే కుడిచేతిని ఎడమచేతి మీదుగా తిప్పి మోకాలితో నొక్కితే, గుడారం మడత పడకపోగా మా బావమరిది దాని లోపలికి చేరాడు. పక్క ఫ్లాటాయన వచ్చి సలహా ఇచ్చాడు. ఎదురు ఫ్లాటాయన వచ్చి ఆ సలహాను ఖండించాడు. పూజగది లోంచి మా అత్తగారు మంచినీళ్లు అడిగారు, తలుపు సందులోంచి గ్లాసు పట్టక స్ట్రా అందించాం. ఇంత జరుగుతున్నా 1వ అంశం ఒక మూల నుంచి పాడుతూనే ఉంది.

చివరికి వాచ్‌మన్ వచ్చాడు. పాలమూరు మనిషి, చిన్నతనంలో అమ్మానాన్నల వెంట ఊరూరా కాలువ పనులకు తిరుగుతూ, ఏళ్ల తరబడి టార్పాలిన్ గుడిసెల్లోనే పడుకున్నవాడు. గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, "సార్, మీరు దాంతోని కొట్లాడుతున్రు" అన్నాడు. లోపలికొచ్చి తీగ అంచు పట్టుకుని ఒక్క మెలిక తిప్పాడు. గుడారం మూడు చుట్లుగా పడి, పళ్లెమంత అయిపోయి, సంచిలోకి వెళ్లిపోయింది. "సైకిల్ షాపుల పనిజేసిన్నాడు కొత్త టైర్లు గిట్లనే మూడు చుట్లు జేసి వొస్తుండె సార్" అన్నాడు. అతనికి కృతజ్ఞతగా మా బావమరిది ఏదైనా ఇస్తాడేమోనని చూశాను. లంబసింగి నుంచి వచ్చాక ఫోటోలు చూపిస్తానని మాటిచ్చాడు.

గుడారం మీద 'నలుగురికి' అని రాసి ఉంటే, ఆ నలుగురూ వెల్లకిలా, భుజానికి భుజం ఆనించి, బ్యాగులు బయట పెట్టి, ఎవరూ పక్కకు తిరగకుండా పడుకోవాలని అర్థం. ఇది మా బావమరిదికి చెప్పాను, నమ్మలేదు. వెళ్తున్నది అయిదుగురు. అయిదుగురూ రాత్రంతా లోపల ఊపిరి వదిలితే ఆ తేమంతా చల్లటి గుడ్డకు తగిలి నీరై తెల్లవారుజామున నుదుటి మీద బొట్లుబొట్లుగా రాలుతుందనీ, అందుకే గాలి ఆడేందుకు పైన పెట్టిన కిటికీలను మూయకూడదనీ చెప్పాను. కిటికీలు మూస్తేనే స్పీకరు శబ్దం బాగుంటుందన్నాడు.

పడక సంచుల గురించి కూడా ఒక మాట చెప్పవలసి ఉంది. లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది. దానికి కొర్రబయలు అని మరో పేరు. రాత్రి బయట ఉండిపోయినవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడు కాబట్టి ఆ పేరు వచ్చిందని అక్కడివాళ్లు చెబుతారు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఒంటి అంకె ఉష్ణోగ్రతలు అక్కడ మామూలే. మా బావమరిది కొన్న సంచి మీద పెద్ద అక్షరాల్లో మైనస్ 5 అని ఉంది. "లంబసింగికి ఇది ఎక్కువే" అన్నాడు సగర్వంగా. సంచిని తిరగేసి చిన్న అక్షరాలు చదివితే, సుఖంగా నిద్రపట్టేది 10 డిగ్రీల దాకానేనని ఉంది. మైనస్ 5 అనేది నిద్రకు సంబంధించిన అంకె కాదు, ప్రాణం నిలుపుకోవడానికి సంబంధించిన అంకె. మనిషి ప్రాణంతో ఉంటాడు, పళ్లు కొరుకుతూ ఉంటాడు.

పైగా చలి ఆకాశం నుంచే వస్తుందని ఈయన నమ్మకం. ఒంటిలోని వేడిని అసలు దోచుకునేది కింద ఉన్న నేల. మనిషి బరువుకు సంచిలోని దూది అణగారిపోయి వీపు కింద ఏమీ మిగలదు, కాబట్టి కింద మందపాటి నురగ చాప గానీ, అది లేకపోతే గడ్డి గానీ పరుచుకోవాలి. తెలంగాణలో గొర్రెల కాపరులు ఒక్క గొంగడితో ఈ సమస్యను తరతరాల కిందటే తేల్చుకున్నారు. అది వానకు గొడుగు, చలికి దుప్పటి, నేల మీద పరుపు. జాబితాలో గొంగడి లేదు, చాప లేదు. 22వ అంశంగా ఎల్‌ఈడీ దీపాల దండలున్నాయి, వెలిగిస్తే వెచ్చగా అనిపిస్తుందట. 37వ అంశం కాఫీ గింజలు విసురుకునే చేతి మిషను. చుట్టుపక్కల కొండలన్నీ కాఫీ పండే చోటుకు, హైదరాబాదు నుంచి కాఫీ గింజలూ వాటి తిరగలీ మోసుకుపోవడం, తిరుపతి కొండకు లడ్డూలు కట్టుకుని వెళ్లడంలాంటిదే గనుక దాన్నక్కడే వదిలేస్తున్నాను.

41వ అంశం దగ్గర మాత్రం పరిహాసం ఆపి చెబుతున్నాను: ఇనుప కుంపటి. ఆరుబయట కాల్చుకున్నంతసేపు కాల్చుకుని, చలి ఎక్కువయ్యాక నిప్పులతో సహా దాన్ని గుడారంలో పెట్టుకుంటారట. మూసిన గుడారంలో బొగ్గు నిప్పులు కార్బన్ మోనాక్సైడ్ వదులుతాయి. దానికి రంగు లేదు, వాసన లేదు, పొగలాగా దగ్గు రాదు. నిద్రలోనే తీసుకుపోతుంది. కుంపటి బయటే ఆరిపోవాలి. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరమన్న సంగతి తరువాత మాట్లాడుకుందాం, ముందు బతికి ఉండాలి కదా. ఈ ఒక్క విషయంలో మా బావమరిది నా మాట విన్నాడు. విన్నాడని మా చెల్లాయికి, అంటే ఆయన భార్యకు, ఫోన్ చేసి నిర్ధారించుకున్నాను కూడా.

మరి తవ్వుకోల ఎందుకంటారా? ఈ ప్రశ్న ఆయనా వేశాడు. నలుగురిలో చెప్పుకోవడానికి బిడియపడే విషయం గనుక ఎవరి జాబితాలోనూ ఉండదు గానీ, అయిదుగురు మనుషులు రాత్రి బిర్యానీ తింటే పొద్దున్నే ఏం జరుగుతుందో ప్రకృతి నియమం. నీటికి కనీసం 60 మీటర్ల దూరంలో, జానెడు లోతున గుంట తీసి, పని కాగానే మట్టి కప్పెయ్యాలి. పిల్లి చేస్తుంది ఆ పని. చదువుకున్నవాళ్లు చెయ్యరు. కిందటి శీతకాలం పాడేరు దగ్గర ఒక పల్లెలో నేను కళ్లారా చూశాను. ఆ ఊరికి కొళాయి లేదు. కొండ పైనుంచి దిగే ఊట గెడ్డే తాగునీరు. ఆదివారం పొద్దున ఆడవాళ్లు బిందెలతో వెళ్లేసరికి గెడ్డ ఒడ్డంతా మేఘాలు చూడవచ్చిన మహానుభావుల అశుద్ధం, తడి కాగితాలు, నీళ్లలో పసిపిల్లల డైపరు. ఒకావిడ ఏమీ అనలేదు. బిందె కింద పెట్టి, చీపురు పుల్లలు తెచ్చి, ఊడవడం మొదలుపెట్టింది. అవతల ఒక కుర్రాడు ఆవిడ ఊడుస్తుండగా ఫోటో తీశాడు. సిగ్గు లేదా? కోట్లు పెట్టి ఫ్లాట్లు కొంటారు, లిఫ్టులో ఎవరో గుట్కా ఉమ్మితే సొసైటీ గ్రూపులో నాలుగు రోజులు సభ పెడతారు, కొండెక్కగానే వేరే మనుషులు తాగే నీళ్లు మీకు మరుగుదొడ్డి ఎట్లా అయ్యాయి? చెప్పుల్లేని పిల్లలు మేకలు తోలుకెళ్లే దారిలో బీరు సీసాను రాయికేసి కొట్టి పగలగొట్టి ఈల వేసినవాడికి, ఇంటికెళ్లి తన పిల్లకు బూట్ల లేసులు ఎట్లా కట్టబుద్ధవుతుంది? తెల్లవారుజామున 3 గంటలకు కొండ మీద డప్పుపాట మోగిస్తారు. కింద ఊళ్లో మనుషులుంటారనీ, వాళ్లకు పొద్దున పనులుంటాయనీ, వాళ్లకూ నిద్ర అనేది ఒకటుంటుందనీ తోచదు. ఒక స్పీకరు ఆగిపోతే దేవుడు కరుణించాడనుకునే అలాంటి పల్లెలకే మనవాడు రెండోది తీసుకుపోతున్నాడు.

కాస్త ఆవేశపడ్డాను, క్షమించాలి. సలహాదారుడినన్న సంగతి మరిచిపోకూడదు. తక్కినవి త్వరగా చెబుతాను. ఉన్ని టోపీ, ఉన్ని మేజోళ్లు ఉండాలి. నూలుబట్ట తడిస్తే ఆరదు. తలకు కట్టుకునే టార్చి, దానికి వేరే బ్యాటరీలు కావాలి. దోమతెరో, దోమల మందో తప్పనిసరి, ఏజెన్సీలో మలేరియా ఇంకా ఉంది. అగ్గిపెట్టెను ప్లాస్టిక్ సంచిలో చుట్టుకోవాలి. గుడారం జిప్పు ఎప్పుడూ మూసే ఉంచాలి, పొద్దున్నే బూట్లు దులిపి తొడుక్కోవాలి. ఇవన్నీ కలిపినా ఒక భుజానికి తగిలించుకునే సంచిలో పడతాయి, రెండో భుజం ఖాళీగానే ఉంటుంది.

ఈ ప్రకారం జాబితాను సవరించి, కింద మూడు అంశాలు చేర్చి పంపాను. 64: టార్చిలైటు, 1. 65: తవ్వుకోల, 1. 66: పెద్ద ప్లాస్టిక్ సంచులు, 4. సంచులు ఎందుకో వేరే చెప్పనక్కర్లేదనుకున్నాను.

రాత్రి జవాబు వచ్చింది. "బావగారూ, మీ అనుభవమే వేరు. కొండ మీద మంచుకు స్పీకర్లు తడిసిపోతాయన్న సంగతి నాకు తట్టనే లేదు. అయితే స్పీకర్లు రెండే కదా, నాలుగు సంచులు ఎందుకు?"