పిల్లల చేతికి గరిటె ఇచ్చిన జపాన్ బడి

జపాన్ ప్రాథమిక బడుల్లో ఐదు, ఆరు తరగతుల పిల్లలు అన్నం, మిసో సూప్ వండటం నేర్చుకుంటారు. ఇది వేసవి శిబిరం సరదా కాదు, గృహవిజ్ఞానం పాఠ్యప్రణాళికలోనే ఉన్న పాఠం. చాలాచోట్ల ఇందుకు గాజు గిన్నె వాడతారు. నానిన బియ్యం ఉబ్బడం, ఎసరు మరగడం, మంట తగ్గించాక నీళ్లు ఇంకిపోవడం, చివర్లో మూత తీయకుండా మగ్గనివ్వడం అన్నీ బయటినుంచే కనిపిస్తాయి. అచ్చం మన అత్తెసరు పద్ధతే.

మిసో సూప్ దగ్గరికి వచ్చేసరికి పాఠం ఇంకా బాగుంటుంది. మిసో అనే పులియబెట్టిన సోయా ముద్దను ఒట్టి వేడినీళ్లలో కలిపి ఒకసారి, దాషిలో కలిపి ఇంకోసారి రుచి చూపించవచ్చు. కొంబు అనే సముద్రపు నాచు నుంచో, ఎండబెట్టిన చేపల నుంచో తీసే సారమే దాషి. తేడా నాలుకకే తెలిసిపోతుంది. 1908లో కికునే ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త ఈ కొంబు నుంచే దాని రుచికి కారణమైన గ్లుటమేట్ అనే పదార్థాన్ని వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడని అప్పుడు చెబితే ఏ పిల్లాడూ మరిచిపోడు.

జపాన్‌ను పరిచయం చేయాలనుకునే మన స్కూళ్లు ఇక్కడినుంచి మొదలుపెట్టాలని నా అభిప్రాయం. కాగితంతో కొంగ మడవడం, కిమోనో వేసుకుని ఫొటో దిగడం, సుషీ ముక్క రుచి చూడటం తప్పని అనను. కానీ వాటిలో పిల్లల మీద బాధ్యత ఏదీ ఉండదు. కొంగ వంకరగా వస్తే ఎవరికీ నష్టం లేదు. అన్నం మాడితే మాత్రం పక్కవాడు పస్తుండాలి. తాను చేసింది ఇంకొకరు తింటారని తెలిసినప్పుడే పిల్లలు ఆ పనిని సీరియస్‌గా తీసుకుంటారు, దాని వెనకున్న మనుషుల గురించి ఆలోచిస్తారు.

కగావా రాష్ట్రంలోని తకినోమియా ప్రాథమిక పాఠశాలలో 2001లో మొదలైన 'బెంటో రోజు' (బెంటో అంటే డబ్బాలో సర్దిన భోజనం) దీనికి గొప్ప ఉదాహరణ. హెడ్‌మాస్టర్ కజువో తకేషిత పెట్టిన షరతు ఒక్కటే: తల్లిదండ్రులు సాయం చేయకూడదు. ఏం వండాలో అనుకోవడం, సరుకులు కొనడం, వండటం, డబ్బాలో సర్దడం, గిన్నెలు కడగడం అన్నీ పిల్లలవే. ఐదు, ఆరు తరగతులకు మాత్రమే, అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా నెలకోసారి. అంతకుముందు నెలల్లో కావలసిన పనితనమంతా క్లాసులోనే నేర్పేవారు. కత్తి, మంట అనగానే తల్లిదండ్రులకు టెన్షన్ సహజం. అయినా బడి వెనక్కి తగ్గలేదు. తర్వాత ఈ పద్ధతి దేశంలో చాలా బడులకు పాకింది.

ఇదంతా జపాన్‌వాళ్లకు పుట్టుకతో వచ్చిన క్రమశిక్షణ అనుకుంటే పొరపాటే. అక్కడ బడి భోజనం 1889లో యమగతా రాష్ట్రం త్సురుఓకాలో, పేద పిల్లల కోసం ఒక ఆలయంలో నడిచిన బడిలో మొదలైందని చెబుతారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పిల్లలకు దొరికింది ప్రధానంగా రొట్టె, పాలపొడితో చేసిన పాలు. బడి భోజనంలోకి అన్నం అధికారికంగా వచ్చింది 1976లోనే. 1962లో మనిషికి ఏడాదికి 118 కిలోలున్న బియ్యం వాడకం ఇప్పుడు 50 కిలోల దరిదాపుల్లో ఉంది. సొంత తిండి చేజారిపోతోందన్న భయం కూడా తోడయ్యాకే 2005లో ఆహార విద్యకు చట్టం చేశారు. బడుల్లో పోషకాహార టీచర్ల వ్యవస్థ మొదలైంది కూడా ఆ ఏడాదే. ఇంట్లో దానంతటదే అబ్బుతుందని నమ్ముకుని కూర్చోలేదు. మన ఇళ్లలో జొన్న సంకటి, అంబలి ఎలా తగ్గిపోయాయో చూసినవాళ్లకు ఈ భయం కొత్తేమీ కాదు.

అక్కడినుంచి తెచ్చుకోకూడనిదీ ఒకటుంది. పళ్లెంలో ఏమీ మిగల్చకూడదన్న పట్టుదల కొన్ని క్లాసుల్లో మితిమీరి, తినలేని పిల్లలను ఏడిపించింది. జపాన్‌లోనే దీనిపై విమర్శలున్నాయి.

మన దగ్గర చేయాలంటే అడ్డంకులు పెద్దవేమీ కావు. శాకాహారుల పిల్లలుంటే కొంబు, ఎండు షిటాకే పుట్టగొడుగులతో దాషి చేయవచ్చు. బౌద్ధ ఆలయాల వంటలో వాడేది అదే. సోయా, గోధుమ అలర్జీల గురించి ముందే అడగాలి. సమయం లేదనడం కుదరదు. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పది రోజులు బ్యాగ్ లేకుండా పనులు నేర్పమంటోంది.

అన్నిటికన్నా ముందు తెచ్చుకోవలసింది అక్కడి వడ్డన పద్ధతి. వంతు వచ్చిన పిల్లలు తెల్ల ఏప్రన్, టోపీ, మాస్కు వేసుకుని గిన్నెలు క్లాసుకు తెచ్చి అందరికీ వడ్డిస్తారు. టీచరూ అదే తింటారు. దళిత మహిళ వండిందని పిల్లలను మధ్యాహ్న భోజనం తిననివ్వని పెద్దల వార్తలు మన దేశంలో ఇంకా వింటూనే ఉన్నాం. అలాంటి చోట ప్రతి బిడ్డకూ మిగతా అందరికీ వడ్డించే వంతు రావడం చిన్న విషయం కాదు. ఆ వంతుల పట్టికలో ఆడపిల్లలతో సమానంగా మగపిల్లల పేర్లూ ఉండాలి, ఏ కులం పేరు చెప్పీ ఎవరినీ తప్పించకూడదు. ఇందుకు మిసో కొనక్కర్లేదు, రేపటి పప్పన్నంతోనే మొదలుపెట్టవచ్చు.