మీరు షేర్ చేసింది పాటనా, లింకునా?

ఇంటర్నెట్‌లో పాట పంచుకోవడం నేరమా అని అడిగితే, ముందు ‘ఏ పద్ధతిలో?’ అని ఎదురు ప్రశ్న వేయాల్సి వస్తుంది. ఫోన్‌లో ‘షేర్’ బటన్ ఒకటే ఉన్నా దాని వెనక జరిగే పనులు వేరువేరు. స్ట్రీమింగ్ యాప్ నుంచి లింకు పంపితే కొత్త కాపీ పుట్టదు, వినేవాళ్లు అక్కడికే వెళ్లి వింటారు. అదే పాటను ఎంపీ3గా పంపితే అందుకున్న ప్రతి ఫోన్‌లోనూ ఒక కాపీ తయారవుతుంది. చట్టం మొదట చూసేది దీన్నే. డబ్బు తీసుకున్నారా లేదా అన్నది శిక్ష తీవ్రత దగ్గర ఎక్కువగా లెక్కకొస్తుంది.

లింకులన్నీ క్షేమమని కాదు. దొంగ కాపీకి లింకు ఇచ్చి, దాని మీద ప్రకటనల ఆదాయం పొందుతుంటే, అది దొంగ కాపీ అని తెలిసే ఇచ్చినట్టు భావించాలని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2016లో చెప్పింది.

‘కొనుక్కున్న ఫైలు, నా ఇష్టం’ అనే వాదన సీడీకి చెల్లుతుంది, ఫైలుకు చెల్లదు. సీడీ ఇచ్చేస్తే చేతిలోంచి పోతుంది. ఫైలు ఇస్తే రెండవుతాయి. కొన్న పాట ఫైళ్లను తిరిగి అమ్ముకునే వీలు కల్పించి, అమ్మినవారి దగ్గరున్న కాపీని చెరిపేసే ఏర్పాటు చేసుకున్న రీడిజి సంస్థ కూడా 2018లో అమెరికా అప్పీలు కోర్టులో ఓడిపోయింది. పాట కొత్త చోటికి చేరిందంటే మరో కాపీ పుట్టినట్టేనన్నది కోర్టు తర్కం.

టొరెంట్ (వాడేవాళ్ల కంప్యూటర్లే ఒకదానికొకటి ఫైలు పంచుకునే పద్ధతి) దగ్గర ఎక్కువమంది పొరబడతారు. ఫైలు ముక్కలుగా వస్తుంది. వచ్చిన ముక్క వచ్చినట్టే ఇతరులకు అప్‌లోడ్ అవుతుంటుంది. ‘నేను దించుకున్నానంతే’ అనేవాళ్లు అదే సమయంలో పంపిణీదారులు కూడా. వాళ్ల ఐపీ చిరునామా (ఇంటర్నెట్ కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య) ఆ గుంపులో ఉన్న అందరికీ కనిపిస్తుంది, హక్కుదారుల తరఫున నిఘా పెట్టినవారికి సైతం. ప్రజలకు అందుబాటులో ఉంచే హక్కు రచయితలదేనని 1996 నాటి వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) కాపీరైట్ ఒప్పందంలోని 8వ అధికరణం చెబుతుంది. కానీ ఎవరూ దించుకోకపోయినా, ఫైలును అందుబాటులో ఉంచడమే పంపిణీ అవుతుందా అన్న దానిపై అమెరికా కోర్టులు ఒక్క మాట మీద లేవు. అక్కడ 24 పాటలు పంచుకున్న ఒక మహిళపై 2007లో జ్యూరీ 2,22,000 డాలర్ల పరిహారం విధిస్తే, ఈ చిక్కు వల్లే ఆ తీర్పు రద్దయింది. 2009లో మళ్లీ విచారణ జరిగితే అది 19,20,000 డాలర్లయింది, 2012లో మళ్లీ మొదటి అంకెకే వచ్చింది. తప్పు తప్పే గానీ, ఈ అంకెలకూ జరిగిన నష్టానికీ పొంతన ఉందని ఎవరూ వాదించలేరు.

ఇక ‘పాటలో 30 సెకన్లలోపు వాడితే ఫర్వాలేదు’, ‘కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశం లేదు’ అని వీడియో కింద రాస్తే చాలు అన్నవి ఉత్త పుకార్లు. అమెరికా ‘ఫెయిర్ యూజ్’ (అనుమతి లేకుండా న్యాయంగా వాడుకునే మినహాయింపు) నాలుగు అంశాలు చూస్తుంది, అందులో సెకన్ల లెక్క లేదు.

యూట్యూబ్‌లో క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. యూట్యూబ్ ఆటోమేటిక్ గుర్తింపు వ్యవస్థ కంటెంట్ ఐడీ పాటను గుర్తుపట్టి క్లెయిమ్ వేస్తే సాధారణంగా ఆదాయం హక్కుదారుకు మళ్లుతుంది, లేదా వీడియో ఆగిపోతుంది. హక్కుదారు నుంచి తొలగింపు నోటీసు వస్తే స్ట్రైక్, అంటే ఛానల్‌పై హెచ్చరిక, పడుతుంది. 90 రోజుల్లో మూడు పడితే ఛానల్ పోయే ప్రమాదం ఉంది. వీడియో ఇంకా కనిపిస్తోందంటే అనుమతి ఉన్నట్టు కాదు, హక్కుదారు ప్రస్తుతానికి ఊరుకున్నాడని మాత్రమే. ఆ నిర్ణయం ఏ రోజైనా మారొచ్చు.

ఒకే పాటలో కనీసం రెండు హక్కులుంటాయి: బాణీ, సాహిత్యాలది ఒకటి, రికార్డింగుది మరొకటి. స్వరకర్త పోయి రెండు శతాబ్దాలైనా, ఆ స్వరాన్ని నిరుడు వాయించిన ఆర్కెస్ట్రా రికార్డింగుకు రక్షణ ఉంటుంది. యూరప్‌లో అది విడుదలైన నాటి నుంచి 70 ఏళ్లు, భారత్‌లో 60.

క్రియేటివ్ కామన్స్ (హక్కుదారే ముందుగా అందరికీ అనుమతి ఇచ్చే లైసెన్సు) పాటల్లోనూ ఒక మెలిక ఉంది. ‘ఎన్‌డీ’ (మార్పులు చేయకూడదు) గుర్తున్న పాటను యథాతథంగా పంచుకోవచ్చు గానీ వీడియోకు నేపథ్యంగా కలపకూడదు. కదిలే బొమ్మలతో జతపరిస్తే అది మార్పు చేసినట్టేనని ఆ లైసెన్సులో రాసి ఉంది. వాడేముందు లైసెన్సు పేజీని తేదీతో సహా సేవ్ చేసుకోవాలి. అప్‌లోడ్ చేసినవారికే ఆ పాటపై హక్కు లేదని తేలితే మాత్రం ఆ పేజీ కూడా కాపాడదు.