రీసస్ నాటకం గారికి, రాతి మెట్టు మీద కూర్చున్న ప్రేక్షకుడు రాయునది

అయ్యా,

మిమ్మల్ని ఎవరూ ఆడరు, ఆడినప్పుడే చూసేయాలి అని ఒక ఫ్రెండ్ ఓపెన్ ఎయిర్ థియేటర్‌కి లాక్కెళ్లాడు. చూశాక ఎందుకు ఆడరో తెలిసొచ్చింది. ప్రాచీన గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ రాసిన 90 దాకా నాటకాల్లో మిగిలినవి 18 అని కొందరు, 19 అని కొందరు అంటారు కదా, ఆ ఒక్కటి తేడా తమరే, ఆయనే రాశాడా లేక తర్వాత క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఇంకెవరో రాస్తే ఆయన ఖాతాలో పడిందా అని పండితులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు.

గ్రీకులు ట్రాయ్ నగరం మీద చేసిన యుద్ధంలో, ట్రాయ్ వాళ్ల శిబిరంలో, మీ కథంతా ఒక్క రాత్రి చీకట్లో జరుగుతుంది, ఆ కాలంలో నాటకాలు ఆడిందేమో పట్టపగలు. అంటే జనం ఎండకి కళ్లు చికిలించుకుని చూస్తుంటే స్టేజి మీద వాళ్లు ఎవర్రా అక్కడ అని తడుముకోవాలన్నమాట. మాకు నిజంగానే రాత్రి, కానీ ఫ్లడ్ లైట్లు వేశారు, గ్రీకు వీరుడు ఒడిస్సియస్ దొంగచాటుగా వస్తుంటే పై మెట్టు మీదున్న నాకు ఆయన చెప్పు పట్టీ ఊడటం కూడా కనపడింది, ట్రాయ్ వాళ్లకి మాత్రం మనిషే కనపడడు. పట్టుకున్నాక కూడా పాస్‌వర్డ్ చెప్పాడని వదిలేశారు!

ట్రాయ్ వాడు డోలన్ తోడేలు చర్మం కప్పుకుని నాలుగు కాళ్ల మీద పాకుతూ గూఢచారిగా వెళ్తాడట, వెళ్లకముందే గ్రీకు మహావీరుడు అకిలీస్ గుర్రాలు నాకే ఇవ్వాలని బేరం (అవి ఇంకా అకిలీస్ దగ్గరే ఉన్నాయి సార్). మొన్న ఆ చర్మం తోక మైక్ వైరుకి చిక్కుకుంది, స్పీకర్లలో కాసేపు గరగర, బహుశా సాయంత్రం మొత్తంలో తోడేలు ఉందని నేను నమ్మింది అప్పుడే.

ఇక టైటిల్ రోల్, ట్రాయ్‌కి సాయం వచ్చిన థ్రేస్ రాజు రీసస్. యుద్ధం పదో ఏట పడ్డాక తీరిగ్గా దిగి, నాకు ఒక్క రోజు చాలు గ్రీకుల్ని తుడిచిపెట్టేస్తా అంటాడు. మన ఉత్తర కుమారుడు కూడా ఇలాగే కోతలు కోశాడు గానీ కనీసం కౌరవ సైన్యం కంటపడేదాకా రథంలో వెళ్లాడు, ఈయన నేరుగా వెళ్లి పడుకున్నాడు, నిద్రలోనే గ్రీకు వీరుడు డయోమిడీస్ ఈయన్ని చంపి పని కానిచ్చేశాడు.

మరి కాపలావాళ్లేరీ? కోరస్ అంటే గ్రీకు నాటకాల్లో పాటలు పాడే బృందం, ఒకసారి వచ్చాక మామూలుగా చివరిదాకా స్టేజి మీదే ఉంటుంది, మీ కోరస్ కాపలావాళ్లే, వాళ్లేమో షిఫ్ట్ అయిపోయింది తర్వాతి వాళ్లని లేపాలి అని మూకుమ్మడిగా వెళ్లిపోయారు. లేపడానికి ఒకడు చాలడా?! అందరూ పోవాలా?! తర్వాత ట్రాయ్ సేనాని హెక్టర్ తిడితే మేం నిద్రపోలేదు మహాప్రభో అని ఒట్లు.

అయితే చివర్లో రీసస్ తల్లి, కళల దేవత మ్యూజ్, కొడుకు శవాన్ని చేతుల్లో పట్టుకుని పైన ప్రత్యక్షమైనప్పుడు మాత్రం నా పక్కన చిప్స్ ప్యాకెట్ చప్పుడు కూడా ఆగిపోయింది, వీడు చస్తాడని తెలిసి ముందే వద్దన్నానురా అని ఆవిడ ఏడుస్తుంటే ఇంతసేపూ నవ్విన జనమే నోరెత్తలేదు. ఆ ఒక్క సీనుకి గట్టిగా చప్పట్లు కొట్టాను, మిమ్మల్ని రాసిందెవరో తేలాక ఆయనకి అందజేయగలరు.

ఇట్లు,
నడుం పట్టేసిన ప్రేక్షకుడు