కన్వెన్షన్‌లో ఒక గది అడిగితే

మొన్న ఇక్కడ అమెరికాలో మా తెలుగు సంఘం కన్వెన్షన్ కార్యక్రమాల కమిటీ జూమ్ మీటింగ్‌లో నేనొక మాట అడిగాను. ఇమిగ్రేషన్ ఫోరమ్ పక్కన ఒక గది, రెండు గంటలు. ఒక ఫ్యామిలీ లాయరు, ఒక ఇమిగ్రేషన్ లాయరు, పన్నుల లెక్కలు చూసే ఒక సీపీఏ కూర్చుంటారు. విడాకుల దాకా వెళ్లినవాళ్లు, వెళ్తామేమోనని భయపడుతున్నవాళ్లు వచ్చి అడగాల్సింది అడుగుతారు. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత ఒక పెద్దాయన మ్యూట్ తీసి, "శుభమా అని పండగ చేసుకుంటుంటే ఆ మాటెందుకమ్మా?" అన్నారు. అంతే, చర్చ ముగిసింది. ఆ వెంటనే వివాహ పరిచయ వేదికకు ఒక హాలు చాలదేమో, రెండు తీసుకుందామా అని బోలెడుసేపు మాట్లాడుకున్నాం.

ఆ పెద్దాయన చెడ్డవారేం కాదు. ఇక్కడ చదువుకునే పిల్లాడెవరైనా యాక్సిడెంట్‌లో పోతే, శవం ఊరికి చేరేదాకా నిద్రపోరు. కబురందిన రాత్రే డబ్బులు పోగవుతాయి. మన సంఘాల్లో నాకు బాగా నచ్చేది అదే. కాపురం కూలినవాళ్లకు మాత్రం మనమెవరం కనిపించం.

నేను లాయర్ని కాను. ట్యాక్స్ సీజన్‌లో తెలిసినవాళ్లకు రిటర్నులు వేసిపెడుతుంటాను. అది తెలిసే, గుంటూరు జిల్లా పిల్ల ఒకమ్మాయి డాలస్‌లో మా ఇంటికొచ్చింది. హెచ్-1 వర్క్ వీసా ఉన్న మొగుడి వెంట హెచ్-4 డిపెండెంట్ వీసా మీద వచ్చిన అమ్మాయి, చంకలో పాప. కాగితాలన్నీ పెళ్లిచీర కవర్లో పెట్టుకొచ్చింది. "మా ఆయన విడాకులకి ఫైల్ చేశారంట ఆంటీ. ఇండియా వెళ్లిపొమ్మంటున్నారు. వెళ్లిపోవాలా?" అంది. ముందు ఉప్మా తినిపించి, ఆ తర్వాత కవరు విప్పాను.

బ్యాంకు లాగిన్ ఆయన దగ్గర. ఇద్దరి పేరా కలిపి వేసే జాయింట్ ట్యాక్స్ రిటర్ను మీద ఏటేటా సంతకం పెట్టింది, ఆయన చూపించిన చోట, ఫోన్ మీద వేలితో. ఆ రిటర్నులో తేడా వస్తే పన్ను మొత్తం ఇద్దరిలో ఎవరి దగ్గరైనా వసూలు చేస్తారని ఆ పిల్లకి చెప్పినవాళ్లు లేరు. ఆయన రిటైర్మెంట్ పొదుపు ఖాతా 401కెలో ఎంతుందో తెలియదు. జీతం ఆయనదే కావచ్చు, కాపురం ఉన్న కాలంలో అందులో జమైంది టెక్సాస్‌లో ఇద్దరిదీ అవుతుంది. అయితే విడాకుల డిక్రీలో రాసుకుంటే సరిపోదు, క్వాడ్రో అనే విడి ఉత్తర్వు తెచ్చుకుంటేనే ప్లాను వాళ్లు ఆమె వాటా విడదీస్తారు. కూకట్‌పల్లి ఫ్లాటు మామగారి పేరు మీద ఉంది. ఇక్కడి జడ్జి అక్కడి రిజిస్ట్రేషన్ మార్చలేడు. డబ్బు ఇక్కడి జీతంలోంచే వెళ్లిందని చూపిస్తే పంపకంలో లెక్కలోకి తీసుకోమని అడగొచ్చు. చూపించడానికి వైర్ రసీదులు కావాలి కదా, అవేమో ఆయన ఈమెయిల్‌లో ఉన్నాయి.

కవరు అడుగున ఒక చిన్న నోటుపుస్తకం దొరికింది. వాళ్లమ్మ రాసింది. వడ్డాణం ఇంత, కాసులపేరు ఇంత, మేనత్త పెట్టిన ఉంగరం ఇంత, అన్నీ తేదీలతో సహా. మధ్యలో పాలవాడి లెక్క కూడా ఉంది. తర్వాత మేం కలిసిన లాయరమ్మ మిగతావన్నీ పక్కనపెట్టి ఆ పుస్తకమే తిరగేసింది. పుట్టింటివాళ్లు ఆమెకని పెట్టింది ఇక్కడ సెపరేట్ ప్రాపర్టీ, అంటే పంపకంలోకి రాని సొంత ఆస్తి; అక్కడ స్త్రీధనం. పెళ్లిలో తులాలు లెక్కపెట్టుకోవడం నాకు ఇప్పటికీ నచ్చదు. కానీ ఆ కాపురంలో ఆ పిల్ల తరఫున రాతపూర్వకంగా ఉన్న లెక్క అదొక్కటే. వాళ్ల నాన్నగారు రాత్రి ఫోన్ చేసి, "సర్దుకుపొమ్మని మీరైనా చెప్పండమ్మా" అని, పెట్టేసే ముందు "పోనీ బంగారమైనా ఇప్పించండి" అన్నారు. ఆ బంగారమూ ఆయన అడిగేది కాదు. అమెరికాలో విడాకులై కూతురు మళ్లీ పెళ్లి చేసుకున్నాక, తండ్రి పాత వియ్యంకుల మీద పెట్టిన కేసు ఒకటి తెలంగాణ నుంచి సుప్రీంకోర్టుకెళ్లింది. స్త్రీధనం కూతురిది, ఆమె అధికారం ఇవ్వనిదే తండ్రికి హక్కు లేదని 2024లో కొట్టేశారు.

అన్నిటికీ మించిన చిక్కు వీసా. విడిగా ఉన్నంతమాత్రాన హెచ్-4 పోదు, డిక్రీతో పోతుంది. హెచ్-1 ఉద్యోగం పోతే 60 రోజుల గ్రేస్ ఉంటుందని మన వాట్సాప్ గ్రూపులన్నిటికీ కంఠతా వచ్చు. విడాకులైన హెచ్-4కు ఆ 60 రోజులు లేవు. ఆయన పిటిషన్ మీద గ్రీన్‌కార్డు క్యూలో ఉంటే, క్యూలో వంతును చెప్పే ఆ ప్రయారిటీ డేట్ ఆయనదే, ఆమె ఎన్నేళ్లు కాచుకున్నా సరే. అందుకని డిక్రీకి ముందే ఎఫ్-1 స్టూడెంట్ వీసాకో ఇంకోదానికో అప్లై చేసుకోవాలి. టెక్సాస్‌లో కేసు వేసిన 60 రోజులకే డిక్రీ ఇవ్వొచ్చు. ఈలోగా వెళ్లిపొమ్మన్నారని విమానమెక్కితే, నోటీసుకు జవాబివ్వకపోతే, కేసు ఆమె లేకుండానే తెగిపోతుంది. పాపను తీసుకెళ్తే ఇంకో తంటా: పిల్లల్ని దేశం దాటించడం మీద ఉన్న హేగ్ ఒప్పందంలో ఇండియా లేదు కాబట్టి, ఇక్కడి కోర్టులు అలాంటి ప్రయాణాన్ని అనుమానంగానే చూస్తాయి.

ఇది ఇప్పుడొచ్చిన బాధ కాదు. 1975లో తిరుపతిలో పెళ్లయిన ఒకాయన, 1980లో మిస్సోరిలోని సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టులో విడాకులు తెచ్చుకుని, మరుసటేడు యాదగిరిగుట్టలో ఇంకో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య ఊరుకోలేదు. ఆ అమెరికా డిక్రీ మన దగ్గర చెల్లదని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. అవతలివాళ్లు ఇష్టపూర్వకంగా వచ్చి ఒప్పుకుంటే వేరు సంగతి. లేకపోతే ఆ కోర్టు పరిధీ, విడాకుల కారణమూ రెండూ హిందూ వివాహ చట్టం ఒప్పుకునేవే అయి ఉండాలంది. అంటే ఇక్కడ విడిపోయి అక్కడ మొగుడూపెళ్లాలుగా మిగిలినవాళ్లు మనలో ఉండొచ్చు. తిరిగి పెళ్లి చేసుకోబోయే మగపిల్లలకు కూడా ఇది తెలియాలి.

మగపిల్లల గోడు నాకు తెలియంది కాదు. లేఆఫ్ అయిన నెలలోనే పిల్లల ఖర్చు కట్టాల్సినవాడు, పండక్కి కూతుర్ని వీడియోలో చూసుకునేవాడు, విజిటర్ వీసా మీద ఆర్నెల్లుండి వెళ్లిన తల్లిదండ్రుల మీద ఊళ్లో కేసు పడ్డవాడు, ముగ్గురూ నాకు తెలుసు. వాళ్లకూ ఆ గది కావాలి. కాకపోతే వాళ్లలో ఎక్కువమందికి జీతం ఉంది, లాయరుకు కట్టే అడ్వాన్సు ఉంది. ఆ అమ్మాయికి అదీ లేదు. అడ్వాన్సు మొగుడి చేత కట్టించమని కోర్టును అడగొచ్చన్న సంగతి ఆ లాయరమ్మ చెప్పేదాకా నాకే తెలియదు.

ఊళ్లో అయితే పెద్దమనుషులు కూర్చునేవారు. వాళ్ల తీర్పులు ఎటు మొగ్గేవో నేను చూశాను, ఆ అరుగు మళ్లీ కావాలనడం లేదు. అయినా ఆడపిల్ల సామాను బండికెక్కేదాకా కదలని మేనమామ ఒకడు అక్కడ ఉండేవాడు. ఈ డాలస్ శివారు ఫ్రిస్కోలో ఆ మేనమామ ఎక్కడ దొరుకుతాడు?

కమిటీవారికి నా మనవి ఒక్కటే. ప్రోగ్రామ్ షీటులో విడాకులు అన్న మాట కంటికి ఇంపుగా లేకపోతే "కుటుంబ చట్టాలు, డబ్బు వ్యవహారాలు" అని వేయండి. లాయర్లు బిజినెస్ కార్డులు పంచకూడదని ముందే చెప్పండి. గది భోజనాల లైనుకు ఎదురుగా మాత్రం ఇవ్వొద్దు, లోపలికి ఎవరు వెళ్లారో లైన్లో ఉన్నవాళ్లు చూడనక్కర్లేదు. బడ్జెట్ లేదంటే ఆ గది అద్దె నేను కడతాను.