చెల్టెన్‌హామ్ బీరువాలో 24 ఏళ్లు

1973 నవంబరు. క్లిఫర్డ్ కాక్స్‌కు 22 ఏళ్లు. చెల్టెన్‌హామ్‌లోని బ్రిటన్ నిఘా సంస్థ జీసీహెచ్‌క్యూలో చేరి రెండు నెలలైంది. ముందుగా తాళంచెవి పంచుకోకుండా రహస్య సందేశం పంపడమెలా? ఆఫీసులో సీనియర్ ఒకరు మాటల్లో చెప్పిన ఈ చిక్కుముడి ఆ సాయంత్రం ఇంట్లో కూర్చోగానే విడిపోయింది. అరగంట పట్టిందేమో. ఆఫీసు సంగతులు ఇంట్లో కాగితం మీద పెట్టకూడదు కనుక, రాత్రంతా బుర్రలోనే మోసి, పొద్దున వెళ్లి రాసిచ్చారు.

ఆయన పట్టిన కిటుకు ఇదీ: రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం తేలిక, లబ్ధాన్ని మళ్లీ విడగొట్టడం కష్టం. 61ని 53తో గుణిస్తే 3233 అని ఎనిమిదో తరగతి పిల్లాడు చెప్తాడు. 3233 చేతికిచ్చి ఆ రెండూ ఏవంటే తల గోక్కుంటాడు. సంఖ్య కొన్ని వందల అంకెల పొడవైతే కంప్యూటర్‌కీ అదే గతి. 1977లో అమెరికాలో రివెస్ట్, షమీర్, ఎడిల్‌మన్ ఇదే కనిపెట్టారు. తమ పేర్ల మొదటి అక్షరాలతో ఆర్‌ఎస్‌ఏ అన్నారు. కాక్స్‌ను 1997 డిసెంబరు దాకా నోరు మెదపనివ్వలేదు. జీసీహెచ్‌క్యూలో 1970లోనే దీనికి దారి చూపిన జేమ్స్ ఎల్లిస్, సంగతి బయటపెట్టడానికి నెల కూడా లేదనగా పోయారు.

ఎందుకు దాచారంటే, ప్రచ్ఛన్న యుద్ధం రోజులు, సోవియట్‌ చేతికి అస్త్రం ఇస్తామా అంటారు. సరే. ఆ అస్త్రాన్ని మీరైనా వాడారా? అప్పటి కంప్యూటర్లకు ఆ లెక్కలే భారం.

అసలు తమాషా వేరే ఉంది. ఈ పద్ధతికి ఎల్లిస్ పెట్టిన పేరే ‘రహస్యం కాని ఎన్‌క్రిప్షన్’ (ఎన్‌క్రిప్షన్ అంటే సందేశానికి తాళం వేయడం). తాళం ఎలా చేస్తారో ఊరంతటికీ చెప్పేయొచ్చు, తాళంచెవి ఒక్కటి దాచుకుంటే చాలు. అలాంటిదాన్ని తీసుకెళ్లి బీరువాలో పెట్టారు! ఆర్‌ఎస్‌ఏ వాళ్లు 129 అంకెల సంఖ్యను పత్రికలో వేసి, విప్పుకోండి అని లోకానికి సవాలు విసిరారు. 1994లో వందలమంది ఔత్సాహికులు కంప్యూటర్లు కలిపి విప్పారు. తాళంచెవి ఎంత పొడవుండాలో, అంటే ఆ సంఖ్యకు ఎన్ని అంకెలుండాలో మనకు తెలిసింది అలాంటి దెబ్బలు తినే. బీరువాలో ఉన్నదాన్ని కొట్టి చూసేదెవరు?

బ్రిటన్ ప్రభుత్వానికి బుద్ధి మారిందా? యాపిల్ క్లౌడ్‌లో జనం దాచుకున్నది చూసేందుకు దొడ్డిదారి కావాలని అడిగినట్టు 2025లో వార్తలొచ్చాయి. మనదగ్గరా 2021 ఐటీ నిబంధనలు మెసేజ్ మొదట పంపిందెవరో చెప్పమన్నాయి, వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకెక్కింది. యాపిల్ మాత్రం దొడ్డిదారి పెట్టలేదు. బ్రిటన్ వాళ్లకు తానే తెరవలేని ఆ గట్టి తాళాన్నే ఇవ్వడం మానేసింది.