ఎమ్82 గెలాక్సీలోని ధూళిగారికి బహిరంగ లేఖ

అయ్యా ధూళిగారూ,

సప్తర్షి మండలం వైపు సుమారు 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, ఎమ్82 నడిబొడ్డున తమరు సాగిస్తున్న దాపరికపు పాలన గురించి ఈ ఉత్తరం. పక్కింటి ఎమ్81 దగ్గరగా వచ్చి వెళ్ళినప్పటి నుంచి మీ ఇంట్లో నక్షత్రాల కాన్పులకు అంతు లేదు. మా పాలపుంత ఏడాదికి ఒకటి రెండు సూర్యుళ్ళ సరుకును నక్షత్రాలుగా మలిస్తే, మీ దగ్గర దాదాపు పది. అదీ అంత చిన్న గెలాక్సీలో! ఇంత సందడి పెట్టుకుని తలుపులన్నీ బిడాయించారు.

మీ పద్ధతి తెలిసిందే. మీ రేణువులు మైక్రాన్ కన్నా, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు కన్నా చిన్నవి. కంటికి కనిపించే వెలుగు తరంగం పొడవూ కాస్త అటూ ఇటూగా అంతే కాబట్టి గుమ్మంలోనే పట్టేస్తారు. రేడియో తరంగం సెంటీమీటర్ల పొడుగుంటుంది. చీమల్ని ఆపి సోదా చేసే కాపలాదారు పక్కనుంచే ఏనుగు నడిచిపోయినట్టు, అది మిమ్మల్ని దాటి వచ్చేస్తుంది.

2008లో ఏం చేశారో గుర్తుందా? లోపల ఒక నక్షత్రం పేలింది. బయటికి వెలుగు పొక్కనివ్వలేదు. మరుసటి ఏడాది న్యూ మెక్సికోలోని వీఎల్ఏ, అంటే 27 రేడియో డిష్‌లు కలిసి తీసిన చిత్రంలో, అంతకుముందు లేని చుక్క ఒకటి దొరికింది. దూరదూరంగా ఉన్న డిష్‌లను జతచేసి ఇంకా నిశితంగా చూస్తే, చుక్క కాస్తా ఉంగరమైంది. సెకనుకు దాదాపు 20 వేల కిలోమీటర్ల వేగంతో ఉబ్బుతున్న ఉంగరం! ఎస్ఎన్ 2008ఐజెడ్ అని పేరు కూడా పెట్టేశాం (ఎస్ఎన్ అంటే సూపర్నోవా, పేలిన నక్షత్రం). మీకు శుభలేఖ వేసే అవకాశమే ఇవ్వలేదు.

2014లో పేలినది మాత్రం, మీరెంత వెలుగు మింగినా, మామూలు టెలిస్కోపుకే దొరికిపోయింది. చిత్రంగా అది రేడియోలో కిక్కురుమనలేదు. అందులో మీ ప్రతిభేమీ లేదు లెండి, ఢీకొట్టడానికి దాని చుట్టూ పెద్దగా వాయువు లేదంతే.

అసలు మీ గుట్టు రట్టు చేస్తున్నది మీరే. కొత్త నక్షత్రాల వెలుగు మింగి, ఒళ్ళు కాగి, పరారుణంలో, అంటే కంటికి కనిపించని వేడి వెలుగులో, వెలిగిపోతున్నారు. అవతల పేలిన నక్షత్రాల శకలాలు ఎలక్ట్రాన్లను తరిమితే, అవి అయస్కాంత క్షేత్రంలో గిరగిరా తిరుగుతూ రేడియోలో గోల పెడుతున్నాయి. 1983లో ఐరాస్ అనే ఉపగ్రహం గెలాక్సీల పరారుణ లెక్క పట్టుకొచ్చింది. ఆ లెక్కనూ రేడియో లెక్కనూ పక్కపక్కన పెడితే, నక్షత్రాలు పుడుతున్న గెలాక్సీల్లో దాదాపు ఎక్కడ చూసినా ఒకటి పెరిగితే రెండోదీ పెరుగుతోంది. ఇంత చక్కగా ఎలా కుదురుతోందో మాలో మాకు ఇంకా వాదులాటే. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. మీరు ఒళ్ళంతా దీపాలు పెట్టుకుని తాగుతున్నారు.

అన్నట్టు, మీటర్ల పొడుగు రేడియో తరంగాల్లో చూస్తే మీ ఇంటి నడిమిభాగం మళ్ళీ మసకబారుతోంది. సంబరపడకండి, అది మీ పని కాదు. కొత్త నక్షత్రాల అతినీలలోహిత కాంతికి ఎలక్ట్రాన్లు ఊడి అయాన్లుగా మారిన వాయువు ఆ తరంగాల్ని మింగుతోంది. దానికి విడిగా ఉత్తరం రాస్తున్నాను. చిరునామా మీదే కాబట్టి, అందగానే ఇచ్చేయండి. దాచకుండా.

ఇట్లు,
మీ గోడకు చెవి ఆనించినవాడు