సవరణ: కాలేజ్ ఫుట్‌బాల్ ఖర్చు మీద మొన్న రాసిన పోస్టుకి

అమెరికా యూనివర్సిటీల్లో ఫుట్‌బాల్ (మనకి తెలిసిన సాకర్ కాదు, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఆట) తన ఖర్చు తనే సంపాదించుకుంటుంది అని మొన్న రాశా కదా, ఆ మాట అలబామా, ఒహాయో స్టేట్, టెక్సాస్ లాంటి పెద్ద టీముల వరకే, దయచేసి అందరికీ అన్వయించకండి. టీవీ కాంట్రాక్టుల డబ్బులో పెద్ద వాటా వాళ్ళదే. చిన్న స్టేట్ యూనివర్సిటీల్లో చాలావాటికి టికెట్ల మీద వచ్చేది ఏ మూలకీ చాలదు, మిగతాది యూనివర్సిటీ డబ్బులోంచి, స్టూడెంట్ ఫీజుల్లోంచి లాగుతారు. ఎమ్మెస్‌కి వెళ్ళిన మనవాళ్ళు ఫీజు బిల్లు ఒకసారి తెరిచి చూడండి, కొన్నిచోట్ల ట్యూషన్ కింద అథ్లెటిక్స్ ఫీ అని విడిగా ఒక లైను ఉంటుంది, ఇంకొన్నిచోట్ల వేరే ఫీజులో కలిపేస్తారు, స్టేడియం గడప తొక్కని వాళ్ళు కూడా కట్టాల్సిందే.

అలాగని ఆపేయడం తేలికేం కాదు. అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో యూఏబీ (యూనివర్సిటీ ఆఫ్ అలబామా ఎట్ బర్మింగ్‌హామ్) 2014 డిసెంబర్‌లో ఖర్చు భరించలేమని టీమ్ మూసేసింది, జనం గట్టిగా పట్టుబట్టి విరాళాలు పోగేస్తే 2017లో మళ్ళీ ఆట మొదలైంది. షికాగో యూనివర్సిటీ మాత్రం 1939లో ఆపేసింది, తర్వాత మళ్ళీ పెట్టినా ఇప్పుడు ఆడేది అథ్లెటిక్ స్కాలర్‌షిప్పులు లేని డివిజన్ త్రీ అనే కింది స్థాయి పోటీల్లోనే, చదువులో దాని పేరు ఇసుమంతైనా తగ్గలేదు.

టీమ్ ఉండొచ్చు, దాని లోటు పిల్లల ఫీజులతో పూడ్చకూడదు, నేననేది ఇదే. 2025 నుంచి యూనివర్సిటీలు ఆటగాళ్ళకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, ఒక్కో యూనివర్సిటీ ఆటగాళ్ళందరికీ కలిపి ఏడాదికి దాదాపు 2 కోట్ల డాలర్ల దాకా. ఆటగాళ్ళకి అది న్యాయంగా రావాల్సిందే, కానీ చిన్న యూనివర్సిటీలు కూడా ఆ పోటీలో దిగి ఆ భారం స్టూడెంట్ల నెత్తిన వేస్తాయేమో అని నా భయం.